వదిన ఫొటో దిగిన వారం

మా ఇంట్లో నా మాటను ఎవరూ ఉన్నదున్నట్టు తీసుకోరు. సగం తీసేసి వింటారు. మిగిలిన ఆ సగాన్ని కూడా మా వదిన ఇంకోసారి జల్లెడ పట్టేది. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో బత్తాయి కోస్తే లోపల ఇంకో బత్తాయి ఉందని నేను చెబితే, "తొక్కతోనా, తొక్క లేకుంటనా?" అని అడిగి నా నోరు మూయించింది. అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున నన్ను వంటింట్లోకి పిలిచి, పీట వేసి, తలుపు దగ్గరికేసి, మెల్లగా చెప్పింది.

"నాకొక ఫొటువ కావాలె. బేస్తారం దవాఖాన్ల చేరే లోపట."

అంటే గురువారం లోపల. మధ్యలో ఉన్నవి మూడు రోజులు.

వదినకు ఎడమ చెంప లోపల పుండు లేచి ఆరు నెలలైంది. మొదట పంటి నొప్పి అనుకున్నాం. ముక్క తీసి పరీక్షకు పంపాక అసలు సంగతి తెలిసింది. చెంపలో కొంత, దాని కింది దవడ ఎముకలో కొంత తీసేయాలన్నాడు డాక్టరు. "ప్రాణానికి పరవాలేదు, మొహం మాత్రం ఇలా ఉండదమ్మా" అని మెత్తగానే చెప్పాడు. మా అన్న చీటీలన్నీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వదిన ఒక్కటే అడిగింది, "మాట ఒస్తదా సార్?" అని.

ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. పోచంపల్లి పక్కన మాది మగ్గాల ఊరు. అక్కడ ఆమె ఆసు పోసేది. అర్ధచంద్రం లాగ పాతిన మేకుల చుట్టూ నూలును తిప్పడం ఆ పని. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు పోయి రావాలి. అన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాక మేమంతా ఎల్బీనగర్‌కు వచ్చాం. ఆసు ఊళ్లోనే ఉండిపోయింది, ఆ చేతి నొప్పి మాత్రం ఆమెతో వచ్చింది.

ఇన్నేళ్లలో ఆమెకంటూ ఒక్క ఫొటో లేదు. పెళ్లి ఫొటోలో కొంగు ముక్కుదాకా ఉంది. మిగిలినవన్నీ గుంపు ఫొటోలు. వాటిలో ఎవరి భుజం వెనకనో ఒక కన్ను, లేకపోతే వడ్డించే చెయ్యి.

"ఇప్పుడు గీ ఫొటో పరేషానేంది వదినా? మంచిగైనంక దిగుదువు గాని" అన్నాను.

"నా బిడ్డ కడుపుతోని ఉన్నది గదా. పుట్టేదానికి మీ అమ్మమ్మ మొకం ఇట్లుండె అని ఎవలు చెప్తరు? మీ అన్నకు మాట రాదు. ఇగ నువ్వు చెప్తవ్." కళ్లు చిన్నవి చేసి నావైపు చూసింది. "నువ్వు చెప్తే ఎవలు నమ్ముతరు?"

స్టూడియోకు పోదామంటే వద్దంది. అక్కడ ఎవరో మగవాడు గడ్డం పట్టుకొని తలను అటూ ఇటూ తిప్పుతాడు, దవడ మీద చెయ్యి పడితే ప్రాణం పోతుంది. నా ఫోన్‌తో తీస్తే మనిషికీ మంచానికీ తేడా తెలియదు. కెమెరా కొంటానన్నాను. ఎప్పటినుంచో కొనాలని ఉన్నవాణ్ణి, ఇప్పుడొక కారణం దొరికిందని మనసులో ఒక మూల సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. దుకాణాలు పొద్దున తెరిచి, నినాదం వినపడగానే సగం దించి, అది దాటిపోగానే మళ్లీ ఎత్తేవారు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో కెమెరాల దుకాణం కూడా అలా సగం దించిన షట్టర్ కిందే ఉంది. వంగి లోపలికి పోయాను. దుకాణదారు నా ఈడువాడే.

"మంచి కెమెరా కావాలె" అన్నాను.

"మంచియి రెండు తీర్లుంటయి సాబ్. జేబుల ఏసుకునేటిది, మెడల ఏసుకునేటిది."

రెండూ గాజు బల్ల మీద పెట్టాడు. జేబులోది వెండి రంగుది, సబ్బు బిళ్లంత. మెడలోది నల్లగా, ముందుకు పొడుచుకొచ్చిన లెన్సుతో, ఎత్తితే చేతికి బరువు తెలిసేలా ఉంది. డీఎస్సెల్లార్లలో మొదటి మెట్టు అదేనట.

"చిన్నదానికి మీరేం చెయ్యొద్దు. అన్నీ అదే చూసుకుంటది. వెలుగు లేనితాన ఫ్లాష్ కొడ్తది, మొకం సున్నం ఏసినట్టయితది, గంతే. పెద్దది ఉన్న వెలుగులనే తీస్తది. ఎనక గోడ మాయమయి మొకం ఒక్కటే నిలవడ్తది. గని జర నేర్చుకోవాలె."

నేర్చుకోవడం అన్న మాట దగ్గర నా నోరు ఊరుకోలేదు. "నాకు నేర్పుతవా? మా తాత ఉరికే గుర్రం మీద కూసోని అదే గుర్రం ఫొటో తీసినోడు."

అతను నా మొహంలోకి చూశాడు. "గట్లయితే మీకు నేను చెప్పుడేముంది?" అని చేతులు కట్టుకున్నాడు.

ఇక ఎంచుకోవడం నా పని అయింది. నా సంచిలో అన్న దుకాణానికి చేర్చాల్సిన పోచంపల్లి చీర ఒకటి ఉంది. దాన్ని బల్ల మీద పరిచి రెండు కెమెరాలతోనూ తీశాను. మా చీరల సంగతి ఇక్కడ ఒకటి చెప్పాలి. నేయకముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతాం. దాన్నే చిటికి అంటాం. అందుకే ఎరుపు ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో కచ్చితంగా గీత గీసినట్టుండదు. ఒకదానిలోకి ఒకటి కొంచెం కారుతుంది. పువ్వు అంచు కత్తితో కోసినట్టుందంటే అది నేత కాదు, అచ్చు వేసిన నకిలీ. చిన్నప్పటినుంచీ మా కళ్లు ముందు అంచునే వెతుకుతాయి.

చిన్న కెమెరా తెరమీద పువ్వు అంచు కత్తితో కోసినట్టుంది. పెద్దదానిలో మెత్తగా, కొంచెం చెదిరి ఉంది. ఇంకేం కావాలి? చిన్నది అబద్ధం చెబుతోందనుకున్నాను. అబద్ధాల సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"పెద్దదే ఇయ్యి" అన్నాను.

"సాబ్, లెన్సు పక్కపొంటి ఒక బటన్ ఉంటది, జర..."

"ఎరుకే."

బయట రోడ్డు నిండా ఊరేగింపు. మెడలో ఆ నల్లదాన్ని చూసి జనం దారి ఇచ్చారు. "అన్నా, ఏ పేపర్?" అని ఒకడు అరిచాడు. "అన్ని పేపర్లు" అన్నాను. "అయితే మా మొకాలు పెద్దగ రావాలె!" అని పదిమంది భుజాల మీద చేతులు వేసుకొని నిలబడ్డారు. తీశాను. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా తీస్తూనే నడిచాను. మా గల్లీ చేరాక అరుగుల మీద కూర్చున్న వాళ్లనూ తీశాను. బ్యాటరీ అనేది ఒకటుంటుందని, అది కూడా అన్నం అడుగుతుందని అప్పుడు తట్టలేదు.

మంగళవారం పొద్దున వదిన తలకు నూనె రాసి దువ్వుకుంది. తాను ఆసు పోసిన చీర ఒకటి ట్రంకు పెట్టెలో ఉంటే తీసి కట్టుకుంది. కిటికీ పక్కన కుర్చీ వేశాను.

"ఇగ దిగు వదినా."

"మగ్గం గుంతల దిగుమన్నట్టు చెప్తున్నవేంది?" అంటూ కూర్చుంది. చేతులు ఒళ్లో ఎలా పెట్టుకోవాలో తెలియక రెండుసార్లు మార్చుకుంది.

"జర నవ్వు."

"నోరు తెరిస్తే నొస్తది. నువ్వొక అబద్ధం చెప్పు. కండ్లతోని నవ్వుత."

నిన్న ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసు అధికారి నా కెమెరాను చూసి సెల్యూట్ కొట్టాడని, నేను కెమెరాతోనే తిరిగి సెల్యూట్ కొట్టానని చెప్పాను. ఆమె కళ్లు నవ్వాయి. కింద ముడతలు పడి, చివర కొంచెం తడి మెరిసింది. అంత బాగా నవ్విన కళ్లను నేను మళ్లీ చూడలేదు. నలభై ఫొటోలు తీశాను. వెనకున్న బుల్లి తెరమీద అన్నీ బాగానే కనబడ్డాయి.

మధ్యాహ్నం ల్యాబ్‌లో ప్రింట్లు చేతికి వచ్చాయి. ల్యాబ్ అతను ముందే అడిగాడు, "ఏందన్నా, వానల తీసినవా?"

ఒక్కదానిలోనూ మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట మొహం రంగు ఉంది. కళ్ల దగ్గర రెండు నల్లటి మరకలు. ల్యాబ్ అతను కెమెరా తీసుకొని లెన్సు పక్కన గోరుతో చూపించాడు. "గీ బటన్ చేతి మీద ఉన్నది. చేతితోని తిప్పి నువ్వే సాఫ్ చేసుకోవాలె. లేకుంటే బటన్ ఇటు జరిపితే అదే చేసుకుంటది. కొన్నకాడ చెప్పలేదా?"

చెప్పబోయాడు. ఎరుకే అన్నాను.

బటన్ ఇటు జరిపి చూద్దామంటే కెమెరా కన్ను తెరిచీ తెరవగానే మూసుకుంది. బ్యాటరీ అయిపోయింది.

ఎల్బీనగర్ దాకా నడుస్తూ అబద్ధం ఒకటి తయారు చేసుకున్నాను. ల్యాబ్ మూసేశారు, శుక్రవారం ఇస్తామన్నారు అని. ఆపరేషన్ అయిపోయాక చూసుకోవచ్చు. ఇంటికి వచ్చి ఆ మాటే చెప్పాను. వదిన చెయ్యి చాపింది. చొక్కా లోపలినుంచి కవరు తీసి ఇచ్చాను.

ఒక్కొక్కటీ చూసింది. చూసినదాన్ని కిందపెట్టి ఇంకోటి.

"చీర మంచిగ వడ్డది" అంది చివరికి. "మనిషే వడలేదు."

సమ్మెతో బొగ్గు ఆగి కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడే. ఆ సాయంత్రం ఛార్జర్ గుచ్చిన కాసేపటికే పోయింది. బుధవారం పొద్దునకూ రాలేదు. బుధవారం బంద్ కూడా. దుకాణాలు లేవు, స్టూడియోలు లేవు, విజయవాడ రోడ్డు మీద ఒక్క లారీ చప్పుడు లేదు. వదిన దవాఖానకు తీసుకుపోవాల్సిన గిన్నె, దుప్పటి, చెంబు సంచిలో సర్దుతోంది. ఫొటో మాట ఎత్తలేదు. ఎత్తితే నాకు కొంత తేలికగా ఉండేది.

కెమెరా ఇంకొకటి ఎక్కడుందో నాకు తెలుసు. మా పై వాటాలో కిరాయికి ఉండే బెజవాడ వైపు దంపతుల దగ్గర ఉంది. ఆవిడ బడిలో పంతులమ్మ, ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. మొన్న వినాయకుడి నిమజ్జనం రోజు బాలాపూర్ లడ్డూ వేలం చూడటానికి పోతూ ఆవిడ ఆ కెమెరాను గుప్పిట్లో పట్టుకొని మెట్లు దిగడం చూశాను. నేను దుకాణంలో కాదని వదిలేసిన రకమే, వెండి రంగు సబ్బు బిళ్ల. ఇబ్బంది ఏమిటంటే, వాళ్లకూ మాకూ ఏడాదిన్నరగా మాటల్లేవు. దానికి కారణం నేను. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

ఉద్యమం వేడెక్కిన కొత్తలో ఒకరోజు నీళ్ల ట్యాంకర్ దగ్గర ఆయన నాతో, "రాష్ట్రం విడిపోతే మా ఆఫీసు ఎటు పోతుందో, మేమెటు పోతామో అండీ" అన్నాడు. భయంతో అన్న మాట. నేను దాన్ని గల్లీ చివరికి చేర్చేసరికి, "మేం పోతే మీ బతుకులేందో చూస్తాం" అన్నాడని అయింది. నా కథకు పదును కావాలి కదా, ఆ పదును పెట్టాను. మర్నాటినుంచి వదిన పై వాటా వైపు తలెత్తలేదు. ఇద్దరాడవాళ్ల మధ్య రోజూ మెట్లెక్కి దిగే కూర గిన్నెలు ఆగిపోయాయి. కింద ఇంత జబ్బు నడుస్తుంటే ఆవిడ మెట్ల మలుపు దాకా వచ్చి వెనక్కి పోవడం కూడా నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను.

బుధవారం పదింటికి మెట్లెక్కాను. ఆవిడే తలుపు తీసింది.

"ఏం అన్నయ్యగారూ, దారి తప్పారా?"

కెమెరా అడగబోయి ముందు అసలు మాట చెప్పాను. ఆయన ఏమన్నాడో, నేనేమని చెప్పానో, రెండూ. లోపల ఆయన పేపరు చదువుతున్న చప్పుడు ఆగింది. నా జన్మలో ఒక మాటను ఏమీ కలపకుండా అంతసేపు చెప్పింది అదే.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో, ఏమో. "ఏడాదిన్నరండీ! మీ వదినగారు అలా ఉంటే ఒక్కసారి కిందకొచ్చి పలకరించడానికి మొహం లేకుండా చేశారు నాకు. ఇప్పుడా చెప్పడం?"

"తప్పయిందమ్మా."

"తప్పు అంటే సరిపోతుందా? నాకు కాదు, ఆవిడకి చెప్పండి. నడవండి."

అప్పుడు కెమెరా సంగతి చెప్పాను. ఫొటో ఎందుకో, ఎవరి కోసమో, ఎప్పటిలోగానో. ఆవిడ బీరువా తెరిచి, చీరల మడతల్లోంచి దాన్ని తీసి, బ్యాటరీ ఉందో లేదో చూసుకుంది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"మీరు ముట్టుకోవద్దు. నేనే తీస్తాను."

వదిన వరండాలో చాప మీద కూర్చొని దుప్పటి మడత పెడుతోంది. మెట్లమీద ఆవిడను చూసి చేతులు ఆపింది. నేను రెండో మెట్టు మీదే నిలబడి, ట్యాంకర్ దగ్గరి మాట అక్కణ్ణుంచే చెప్పేశాను. వదిన నావైపోసారి చూసింది. దుప్పటి పక్కకు జరిపి, చాప మీద చోటు చేసి, ఆవిడతో అంది, "రా అమ్మా, కూసో. నా జల్లెడల గూడ పడకుండ పోయింది ఈ మాట."

"ఇవాళ నిజం చెప్పారండీ మీ మరిదిగారు. ఒంట్లో ఎలా ఉందో ఏమో, ఓసారి నుదురు పట్టుకు చూడండి" అంది ఆవిడ, పక్కన కూలబడుతూ.

వదిన కళ్లు నవ్వాయి. ఆవిడ అరచేతిలోంచి చిన్న చప్పుడు వినబడింది. కెమెరా ఎప్పుడు ఎత్తిందో వదిన చూడలేదు, నేనూ చూడలేదు. ఫ్లాష్ లేదు. వరండాలో ఎంత వెలుగుందో అంతే. తరువాత ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే మరో రెండు చప్పుళ్లు. మాటలు ఏమంత గొప్పవి కావు. గోంగూర ధర, దవాఖానలో బాత్రూము, కూతురికి ఎన్నో నెల. మధ్యలో ఆవిడ వదిన కుడిచెయ్యి తీసుకొని ఒళ్లో పెట్టుకుంది. మోచేతి దగ్గర ఆసు నొప్పి ఉండే చోటు ఆవిడకు గుర్తుంది. అక్కడే మెల్లగా ఒత్తింది.

చూపుడు వేలంత తెరమీద వదిన తన మొహం చూసుకుంది. ఎడమ చెంప కొంచెం ఉబ్బి ఉంది. చెవి దగ్గర నూనె జారింది. ముడతలన్నీ లెక్క పెట్టేంత కచ్చితంగా ఉన్నాయి. కత్తితో కోసిన అంచులే అన్నీ. దుకాణంలో దీన్నే నేను నకిలీ అనుకున్నాను.

"గిట్లనే ఉన్ననా?" అని ఆవిడను అడిగింది. నన్ను కాదు.

"ఇలాగే ఉన్నారండీ."

"సాలు."

గురువారం దవాఖానలో చేరింది. ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. తరువాతి వారం పెద్ద సైజులో ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చాను. చూడకుండానే బీరువాలో చీరల కింద పెట్టించింది.

మాట వచ్చింది. కాకపోతే నాలుక మడతపడ్డట్టు, ప్రతి మాటా లోపలెక్కడో తగులుకొని వచ్చేది. ఎడమవైపు దవడ ఉండాల్సిన చోట పల్లం. కొంగు ఎప్పుడూ ఆ చెంప మీదే ఉండేది. ఇంట్లోనూ అంతే, మా అన్న ముందూ అంతే. పై వాటా ఆవిడ దగ్గర మాత్రం జారితే జారనిచ్చేది.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. పురుటికి మా ఇంట్లోనే ఉంచుకున్నాం. వదిన నీళ్లు కాచింది, బట్టలు ఉతికింది, సాంబ్రాణి వేసింది. పిల్లను మాత్రం ఎత్తుకోలేదు. చేతులు తడిగా ఉన్నాయనేది. జలుబు చేసిందనేది. నడుము పట్టుకుందనేది. నేను చెప్పే అబద్ధాలను అన్నేళ్లు జల్లెడ పట్టిన మనిషి, రోజుకు మూడు అబద్ధాలు చెబుతుంటే మేమందరం నమ్మినట్టు ఊరుకున్నాం.

ఇరవై ఒకటో రోజు పేరు పెట్టడానికి పదిమందిని పిలిచాం. చీర తొట్టెల కట్టాం. పిల్ల అందులో నిద్రపోతోంది. వదిన లోపలికి పోయింది. బీరువా తెరిచిన చప్పుడయింది. ఫొటో పట్టుకొని వచ్చింది. తొట్టెల పక్కన కింద కూర్చుంది.

"లేపనా అమ్మా?" అంది కూతురు.

"ఒద్దు. లేవనియ్యి."

వచ్చినవాళ్లకు ఏం జరుగుతుందో తెలియలేదు. అయినా మాటలు తగ్గాయి. చాలాసేపే కూర్చుంది. పిల్ల కదిలి, మూలిగి, కళ్లు తెరిచింది. వదిన ఫొటోను రెండు చేతులతో పట్టి దాని మొహానికి ఎదురుగా ఉంచింది.

"గిది నేను" అంది. మాట తగులుకుంటూ వచ్చింది.

ఫొటోను చాప మీద పెట్టింది. చెంప మీది కొంగు తీసింది. వంగి, తొట్టెల మీదికి మొహం తెచ్చింది.

"గిది గూడ నేనే."

పిల్ల ఆ పల్లం పడిన చెంప మీద చెయ్యి వేసిందని రాస్తే బాగుంటుంది. నాకు చెయ్యి దురద పెడుతోంది కూడా. వెయ్యలేదు. ఆకలై గట్టిగా ఏడ్చింది. వదిన దాన్ని తొట్టెల్లోంచి తీసి, కొంగు సర్దుకోకుండానే భుజాన వేసుకొని, అంతమంది మధ్యలోంచి దాన్ని వాళ్లమ్మ దగ్గరికి మోసుకుపోయింది.